శనివారం పంచుకున్న పాఠం

"మళ్ళీ అడుగుతున్నాను గెండిస్. ఆ పాట నీకెవరు నేర్పారు?"

గెండిస్ అరిటాకు చింపడం ఆపలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల. అమ్మ గొంతు ఇలా మారినప్పుడు చేతిలో పని వదలకపోవడమే మంచిదని దానికి తెలుసు.

"ఏ పాట?"

"ఇప్పుడు పాడుతున్నావే, అది."

"ఊరికే పాడాను."

"ఊరికే ఎలా వస్తుంది? మళ్ళీ పాడు."

గెండిస్ వంటింటి మూలకి చూసింది. అక్కడ పొయ్యి మీద కొబ్బరిపాలల్లో జిగురుబియ్యం కలుపుతున్న నాన్నమ్మ వెనక్కి తిరగలేదు. ఇక దిక్కులేక నేల చూస్తూ పాడింది.

"అట్టు ఒకటే, నోళ్ళు నాలుగు. కోసిపెడితే పావూ పావూ. పావూ పావూ కలిస్తే సగం. సగం నాకే, పారిపోదాం..."

తల్లి వెనింగ్ గోడకి ఆనుకుంది.

ఆ పాట రేడియోలో రాదు. బజార్లో దొరకదు. నాలుగో తరగతి భిన్నాల పాఠం కోసం తనే దగ్గరుండి రాయించింది, పాడించింది. ట్యాబుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ ట్యాబులు జావాలో వొనోసారి ఊరి చుట్టూ ఉన్న కొండల్లో సగం బళ్ళకే ఇచ్చారు. మిగతా సగం సుద్దముక్కతో, నల్లబల్లతో పాత పద్ధతిలోనే చెప్పాలి. రెండేళ్ళ తరవాత అందరికీ ఒకటే పరీక్ష. ట్యాబు పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారా, లేదా? వెనింగ్ పరిశోధన మొత్తం ఆ ఒక్క ప్రశ్నే.

పోయిన వారం జవాబు వచ్చింది. తేడా లేదు. వెంట్రుకవాసి కూడా లేదు. సోమవారం జిల్లా విద్యా కార్యాలయంలో నిలబడి ఆ మాట చెప్పాలి. చెప్పగానే ట్యాబులు వెనక్కి తీసుకుని గోదాములో పెట్టేస్తారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ, ట్యాబుల బళ్ళో పంతులుగా ఉన్న భర్త జత్మికో ఆమెతో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇప్పుడు చూస్తే, నల్లబల్ల బళ్ళో చదివే తన కూతురికి ట్యాబు పాట నోటికి వచ్చు.

పెరటి గుమ్మంలోంచి జత్మికో వచ్చాడు. నీళ్ళ లారీ వచ్చినట్టుంది, లుంగీ మోకాళ్ళ దాకా తడిసింది.

"తొట్టి నిండింది. వర్షాలు పడేదాకా ఇక చూసి వాడుకోవాలి," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

"ఏమండీ, ట్యాబు ఎప్పుడైనా ఇంటికి తెచ్చారా?"

"బళ్ళో బీరువాలో ఉంటాయి. తాళం హెడ్మాస్టరు దగ్గర. ఆ రూలు పెట్టింది నువ్వే."

"మరి దీనికి భిన్నాల పాట ఎలా వచ్చింది?"

జత్మికో పిల్ల వైపు చూశాడు. తరవాత పొయ్యి దగ్గరున్న తన తల్లి వీపు వైపు చూశాడు. తరవాత తువ్వాలు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"పిల్లలు కదా. ఎక్కడో విని ఉంటుంది."

"ఎక్కడ?"

"నాకేం తెలుసు వెనింగ్? ఇంకాసేపట్లో ఇంటినిండా టీచర్లు. అమ్మ తెల్లారకముందే లేచి వండుతోంది. ఈ విచారణ సాయంత్రం పెట్టుకో."

"సాయంత్రానికి ఏం మారుతుంది?"

"అన్నం అడుగంటుతోంది, కాస్త జరుగు," అంది సుహర్సి.

అత్తగారు మాట్లాడిన మొదటి మాట అదే. వెనింగ్ జరిగింది. సుహర్సి గిన్నె దించింది, మంట తగ్గించింది, చేతులు కొంగుకి తుడుచుకుంది. అప్పుడు తిరిగింది.

"దాన్నెందుకు వేధిస్తావు? నన్నడుగు."

"మీరా అత్తయ్యా?"

"నేనే. ఫోన్లో పెట్టి గోడ మీద చూపిస్తాను. ప్రొజెక్టరు పంచాయతీది. గెండిస్, నువ్వు బయటికెళ్ళి ఆడుకో."

గెండిస్ ఒక్క గెంతులో మాయమైంది. చింపిన ఆకులు నేలమీదే ఉండిపోయాయి.

సుహర్సి నల్లబల్ల బడికి హెడ్మిస్ట్రెస్. రాబోయే వానాకాలంలో రిటైరవుతుంది. ఇన్నేళ్ళలో ఆమె మీద ఒక్క ఫిర్యాదు లేదని ఊరంతా చెప్పుకుంటుంది. వెనింగ్ కూడా చెప్పుకుంది, పెళ్ళయిన కొత్తలో, పుట్టింట్లో, గొప్పగా.

"ఎప్పట్నుంచి?"

"మొదటి ఏడాది నుంచే."

"పాఠాలు మీ ఫోన్లోకి ఎలా వచ్చాయి?"

"వీడి సంచిలో చిన్న మెమరీ కార్డు ఉంటే తీసుకున్నా."

"ఆయన్ని అడిగారా?"

"కన్నకొడుకు సంచిలో చెయ్యి పెట్టడానికి అర్జీ పెట్టుకోవాలా?"

జత్మికో తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకుంటున్నాడు.

"సరే. మీ ఒక్క బడేనా?"

సుహర్సి లెంపర్ పొట్లం చుట్టడానికి ఆకు తీసుకుంది. అన్నం పరిచి, మధ్యలో కోడిమాంసం పొడి పెట్టి, చుట్టి, పుల్ల గుచ్చింది. ఇంకో ఆకు తీసుకుంది.

వెనింగ్‌కి అప్పుడు అర్థమైంది.

"శనివారం," అంది.

ఈ కొండల్లో టీచర్లు ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో కూర్చుంటారు. ఎవరూ ఉత్త చేతుల్తో రారు. ఒక చేతిలో తినేది, ఒక చేతిలో ఒక పాఠం. బాగా కుదిరిన పాఠాన్ని దాచుకుని తన పిల్లలకే చెప్పుకునేవాళ్ళని ఇక్కడ ఒక్క మాటతో చంపేస్తారు. పిసినారి అంటారు. దొంగ అన్నా సహిస్తారు గానీ ఆ మాట పడరు.

ఇవాళ వంతు సుహర్సిది.

"అందరికీ ఇచ్చారా?"

"వచ్చినవాళ్ళకి ఇచ్చాను. ఒకరికిచ్చి ఒకరికి లేదంటే ఏం మర్యాద? మర్గోనో మాస్టారు ఆయన ముప్ఫయ్యేళ్ళ కిటుకులన్నీ మాకిచ్చాడు. నేను మంచి పాఠం దాచిపెట్టుకుని, అరిటిపళ్ళు పట్టుకెళ్ళి కూర్చోనా?"

"అత్తయ్యా, నేను అందర్నీ పిలిచి మరీ చెప్పాను. ఈ పాఠాలు మీవైపు రాకూడదు, వస్తే మొత్తం పాడైపోతుందని. అందరూ తలూపారు. మీరూ ఊపారు."

"పెద్ద చదువు చదివొచ్చి ఏదో చెప్తుంటే ఊపకుండా ఎలా ఉంటాం? నువ్వూ జావా దానివేగా. విన్నామని ఊపాం. చేస్తామని ఎవరన్నారు?"

వెనింగ్‌కి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక ఊరుకుంది. నిజమే. తన నాన్న కూడా అప్పులవాడి ముందు అలాగే తలూపేవాడు. పట్నం వెళ్ళి పదేళ్ళు చదివి తను మర్చిపోయింది, అంతే.

"ఏం చేశారో తెలుస్తోందా?" అంది నెమ్మదిగా. "అటూ ఇటూ ఒకే పాఠం విన్నారు. అందుకే అటూ ఇటూ ఒకే మార్కులు. నేను సోమవారం వెళ్ళి ట్యాబులు దండగ అని చెప్పబోతున్నాను. అది అబద్ధం."

"అయితే చెప్పకు," అన్నాడు జత్మికో.

"ఏం చెప్పను మరి? నిజం చెప్తే, పాఠాలు పంచిందెవరని అడుగుతారు. పేరు చెప్పాలి. పేరు చెప్తే విచారణ."

జత్మికో తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నీకు ట్యాబులు కావాలి," అంది భర్తతో. "రెండు తరగతులు ఒక్కడివే చూసుకుంటున్నావు. ఒక తరగతికి ట్యాబు ఇస్తే గానీ ఇంకో తరగతికి చెప్పలేవు. ఈ వారమంతా నేనేదో నీ నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టు చూశావు. ఇప్పుడు చెప్పు. ట్యాబులు కావాలా, మీ అమ్మ పరువు కావాలా?"

కోపమొస్తేనే ఆమె అతన్ని నువ్వు అంటుంది.

"ఇదేం ప్రశ్న?" అన్నాడు జత్మికో.

"నాకూ అదే అర్థం కావడం లేదు."

*

పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన నిలబడి డాక్టర్ బాస్కోరోకి ఫోన్ చేసింది. ఈ పరిశోధనకి పెద్దదిక్కు ఆయన. ఆమె డాక్టరేటు ఆయన సంతకం మీద ఆధారపడి ఉంది.

అంతా విన్నాక ఆయన నవ్వాడు.

"చిన్నపిల్ల పాట పట్టుకుని పరిశోధన ఆపేస్తామా వెనింగ్?"

"పిల్ల మాటే కాదు సర్. అత్తయ్య ఒప్పుకున్నారు."

"ఆవిడ ఒక్కరు. ఇంకెంతమంది వాడారు? ఎంత వాడారు? తెలుసా మీకు?"

"తెలీదు."

"తెలీనిది రాయకూడదు. తేడా లేదన్నది కూడా ఫలితమే. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"ఉన్నది అది కాదు సర్. కొలతే చెడిపోయింది. ట్యాబు వల్ల నేర్చుకున్నారా, పాఠం వల్ల నేర్చుకున్నారా, మధ్యమధ్యలో పాఠం ఆపి ప్రశ్నలడిగే టీచరు వల్ల నేర్చుకున్నారా? ఏదీ తెలీదు ఇప్పుడు."

"అలసిపోయారు మీరు. రెండేళ్ళుగా ఈ కొండలెక్కి దిగుతున్నారు. మీటింగ్ అయ్యాక విశ్రాంతి తీసుకోండి."

"ఇవాళ అందరూ మా ఇంటికే వస్తున్నారు. అడుగుతాను."

"ఏమడుగుతారు? మీ అత్తగారి ముందు, మీ ఇంట్లో కూర్చుని, ఎవరు నిజం చెప్తారు?" ఆయన గొంతు మెత్తబడింది. "సరే, అడిగి చూడండి. మధ్యాహ్నం నేనే చేస్తాను."

ఎవరూ నిజం చెప్పరని ఆమెకీ తెలుసు. అయినా వేరే దారి కనపడలేదు.

*

పది దాటేసరికి ముందుగది నిండిపోయింది. చాపలు పరిచారు. చెప్పులు గుమ్మం అవతల గుట్టలు పడ్డాయి. ఒకరు ఉడికించిన కర్రపెండలం తెచ్చారు, ఒకరు బెల్లంలో ఊరేసిన సోయాగింజల టెంపే తెచ్చారు. మర్గోనో మాస్టారు వేయించిన మిడతల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టాడు.

"మాస్టారూ, ఈసారి కాళ్ళు తీశారా?"

"కాళ్ళు తీస్తే దేనికి కరకరలాడతాయి? పళ్ళు లేనివాళ్ళు పాకం టెంపే తినండి."

అందరూ నవ్వారు. సుహర్సి కూడా నవ్వింది. పొద్దున్న వంటింట్లో ఏమీ జరగనట్టే ప్లేట్లు అందిస్తోంది. జత్మికో టీ కాస్తానని వెళ్ళి అటే ఉండిపోయాడు.

వెనింగ్ గుమ్మం దగ్గర కూర్చుంది.

"మీ అందర్నీ ఒక్కటి అడగాలి," అంది. "కోపంతో కాదు. ట్యాబు పాఠాలు, ట్యాబులు లేని బళ్ళలో ఎవరైనా చూపించారా?"

గదిలో నవ్వులు మెల్లగా ఆరిపోయాయి. ఒకరు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఒకరు పక్కవాళ్ళ గ్లాసులో టీ ఉందో లేదో చూశారు.

"లేదండీ," అన్నాడు మర్గోనో మాస్టారు.

"అబ్బే, లేదమ్మా."

"మీరు వద్దన్నారుగా, ఎలా చూపిస్తాం?"

ఒక్కొక్కరే, చిరునవ్వుతో, లేదు లేదు అన్నారు. ఎవరూ సుహర్సి వైపు చూడలేదు. అంత జాగ్రత్తగా చూడకపోవడంలోనే అంతా ఉంది. వెనింగ్‌కి కాస్త ఊరట కూడా కలిగింది. అడిగాను, లేదన్నారు, ఇంక నా చేతుల్లో ఏముంది అనుకోవచ్చు. సోమవారం వెళ్ళి చదివేయవచ్చు. పడుకోవచ్చు.

సుహర్సి చేతిలో ప్లేటు కింద పెట్టింది.

"నేను చూపించాను," అంది. "మా కోడలికి పొద్దున్నే చెప్పాను. మీకిచ్చింది కూడా నేనేనని చెప్పాను. నా కోసం మీరు అబద్ధాలాడక్కర్లేదు. చెప్పండి."

కట్ట తెగినట్టయింది.

"చూపించామండీ! ఎంత బాగుందో ఆ పాఠం!"

"మా పిల్లలు రోజూ అదే కావాలంటారు."

"పెద్దావిడ, ఇబు సుహర్సి ఇచ్చాక చూపించకుండా ఎలా ఉంటాం?"

"నేనూ చూపించాను," అన్నాడు మర్గోనో మాస్టారు. "ప్రతి వారం."

"ఏ పాఠం మాస్టారూ?" అంది వెనింగ్.

"అదే... ఆ... అన్నీ బాగున్నాయి."

"మీది బటన్ల ఫోన్ కదా మాస్టారూ," అంది వెనకనుంచి ఎవరో. "అందులో ఏం చూపించారు, టైమా?"

ఈసారి నవ్వు గదంతా పాకింది. మాస్టారు కూడా నవ్వి ఒక మిడత నోట్లో వేసుకున్నాడు. కానీ మాట మార్చలేదు. ఇంత ప్రేమగా ఇచ్చినదాన్ని తెరవలేదని ఆవిడ ఇంట్లో, ఆవిడ అన్నం తింటూ ఎలా చెప్తాడు?

వెనింగ్ మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది.

మొదట అందరూ లేదన్నారు, సుహర్సిని కాపాడటానికి. ఇప్పుడు అందరూ అవునంటున్నారు, సుహర్సిని నొప్పించకుండా. రూలు తప్పామని ఒప్పుకోవడానికి వీళ్ళకి సిగ్గులేదు. ఇచ్చింది వాడలేదని ఒప్పుకోవడానికి చచ్చేంత సిగ్గు. రెండు జవాబులూ చెత్తబుట్టకే.

*

పెరట్లో గ్లాసులు కడుగుతుంటే ఉతారి వచ్చింది. లోయలో ఉన్న చిన్న బడికి రెండేళ్ళ కిందట వచ్చిన టీచరు. అదీ ట్యాబులు లేని బడే. గ్లాసు తీసుకుంది, కడిగింది, మళ్ళీ అదే గ్లాసు కడిగింది.

"అక్కా, ఒకటి చెప్తే ఇబు సుహర్సికి చెప్పరుగా?"

"చెప్పను."

"నేను వాడలేదు."

వెనింగ్ కుళాయి కట్టేసింది.

"ఒక్కరోజు చూపించాను. ఆ పాఠంలో అమ్మాయి ఎంత బాగా చెప్తుందో తెలుసుగా. నవ్వుతుంది, పాడుతుంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని దాన్నే చూశారు. నేను పక్కన కుర్చీలా నిలబడ్డాను. మర్నాడు బళ్ళోకి వెళ్ళగానే 'టీచర్, ఆ అక్క రాదా?' అన్నారు." ఉతారి గ్లాసు మళ్ళీ తోమింది. "ఇంక తెరవలేదు. ప్రతి శనివారం ఇబు సుహర్సి అడుగుతుంది, ఎలా ఉందని. బాగుందంటాను. రెండేళ్ళుగా అంటున్నాను."

"ఇంకెవరైనా...?"

"కొండ మీద బళ్ళో కూడా వాడలేదు. వాళ్ళకి ప్రొజెక్టరు లేదు. మాస్టారి సంగతి తెలిసిందే." ఉతారి తల వంచింది. "అక్కా, మా పిల్లల మార్కులు ఎలా వచ్చాయి?"

వెనింగ్‌కి ఆ బడి మార్కులు గుర్తున్నాయి. లోయ బడి, కొండ మీద బడి, మాస్టారి బడి. మూడూ అట్టడుగున ఉన్నాయి. దూరం కదా, పేద ఊళ్ళు కదా, అందుకే అనుకుంది. మిగతా నల్లబల్ల బళ్ళు బాగా చేయడంతో సగటులో ఆ మూడూ కనపడకుండా పోయాయి.

"మిగతావాళ్ళలాగే వచ్చాయి కదా?" అంది ఉతారి.

అవునంటే సరిపోతుంది. పొద్దున్నుంచి అందరూ చేస్తున్నది అదే.

"లేదమ్మా," అంది వెనింగ్. "తక్కువ. బాగా తక్కువ."

ఉతారి గ్లాసు బోర్లించి, తడి చేతుల్తో అలాగే కూర్చుండిపోయింది.

"నీ వల్ల అని చెప్పలేను," అంది వెనింగ్. "దూరం వల్ల కావచ్చు. కానీ ఎవరు వాడారో, ఎవరు వాడలేదో ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి అడిగితే తెలుస్తుంది. ట్యాబు అక్కర్లేదేమో, పాఠం కావాలేమో. దానికి ఇంకొంచెం గడువు కావాలి. నువ్వు ఇదే మాట చెప్తావా, నాకు చెప్పినట్టు?"

"ఇబు సుహర్సి ముందా?"

"ఆవిడకి తెలియకుండా ఇది జరగదు."

ఉతారి చేతుల తడి దులుపుకుంది.

"మా పిల్లలు అయిదో తరగతిలోకి వెళ్ళిపోయారు అక్కా," అంది. "నేను చెప్పినా చెప్పకపోయినా, వాళ్ళకి భిన్నాలు రావు." కళ్ళు తుడుచుకుని లేచింది. "చెప్తాలెండి."

*

సుహర్సి వంటింటి గడప మీద కూర్చుని ఉంది. అంతమందికి వడ్డించాక కాళ్ళు లాగుతున్నట్టున్నాయి, పిక్కలు నొక్కుకుంటోంది. వెనింగ్ పక్కన కూలబడింది.

"సోమవారం నేను చదవను అత్తయ్యా. వాయిదా అడుగుతాను. ఫలితం చెడిపోయింది, మళ్ళీ చూడాలని చెప్తాను. మీ పేరు అడుగుతారు."

"చెప్పు."

"విచారణ వేస్తారేమో."

"వేయనీ." సుహర్సి పిక్క మీంచి చెయ్యి తీయలేదు. "కానీ నీ పెద్దాయన వాయిదాకి ఒప్పుకోడు."

"బతిమాలుతాను."

"ఒప్పుకోడమ్మా. నేను అడిగాను."

వెనింగ్‌కి మొదట మాట తలకెక్కలేదు.

"ఎవర్ని అడిగారు?"

"ఆ బాస్కోరోనే. పోయిన ఏడాది. నువ్వు జ్వరంతో కూడా బండి మీద కొండలెక్కుతుంటే చూడలేకపోయాను. నీకు చెప్పే ధైర్యం లేదు. ఆయన పెద్దమనిషి, సర్దుతాడనుకున్నా. ఫోన్ చేసి అంతా చెప్పాను. పాఠాలు అందరికీ ఇచ్చేశాను, మా పిల్ల కష్టం వృథా అవుతోంది, ఏదో ఒకటి చేయండి అని."

"ఏమన్నారు?"

"'మీ కోడలికి మాత్రం చెప్పకండి' అన్నాడు. చెప్తే మొదటికొస్తుంది, ఆమె డాక్టరేటు ఆగిపోతుంది, ఆమె మంచి కోరేవాళ్ళయితే నోరు మూసుకోండి అన్నాడు." సుహర్సి నిట్టూర్చింది. "నీ మంచే కదా అని మూసుకున్నాను."

ఏడాది. అప్పుడు చెప్పి ఉంటే ఏడాది మిగిలేది. ఆ లోయ పిల్లలకి కూడా మిగిలేది.

వెనింగ్ కొంగులో ఫోన్ మోగింది. బాస్కోరో.

వెనింగ్ లేచింది. వంటింట్లో ఎత్తలేదు, పెరట్లోకీ వెళ్ళలేదు. తిన్నగా ముందుగదిలోకి నడిచి, టీ గ్లాసుల మధ్య చాప మీద ఫోన్ పెట్టి, స్పీకర్ నొక్కింది.

"ఆఁ వెనింగ్, ఎవర్నీ కంగారు పెట్టలేదుగా?"

"అడిగాను సర్. అందరూ ఇక్కడే ఉన్నారు. మీ మాట వింటున్నారు."

"ఓ. అందరికీ నమస్కారం."

"నమస్కారమండీ," అన్నారు అందరూ కలిసి, అలవాటు ప్రకారం.

"సర్, మా అత్తయ్య పోయిన ఏడాది ఫోన్ చేసి ఈ పాఠాల సంగతి మీకు చెప్పారా?"

గదిలో నమలడం ఆగింది. ఫోన్లో ఏదో కుర్చీ కిర్రుమంది.

"లేదే," అన్నాడు బాస్కోరో. చాలా మామూలుగా అన్నాడు. "పెద్దావిడ కదా, ఇంకెవరితోనో మాట్లాడి నేననుకుని ఉంటారు. అసలు నా నంబరు ఆవిడకెక్కడిది?"

సుహర్సి గుమ్మంలో నిలబడి ఉంది. ఎన్నో వందల మంది పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి, పట్నం పెద్దమనిషి ఒక్కడు లేదనేసరికి తనే పొరబడ్డానేమో అన్నట్టు చూస్తోంది. టీచర్లందరూ చాప అల్లిక చూస్తున్నారు. ఇక్కడ తనకి ఎదురు మాట్లాడేవాళ్ళు లేరని ఆయనకి తెలుసు. వెనింగ్‌కీ తెలుసు.

"నేనిచ్చాను."

సుహర్సి వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. జత్మికో. చేతుల్లో టీ గ్లాసుల ట్రే ఉంది.

"నంబరు నేనిచ్చాను సర్. నా ఫోన్‌తోనే అమ్మ మాట్లాడింది. స్పీకర్లో పెట్టి పక్కనే కూర్చున్నాను. మీరన్న ప్రతి మాటా విన్నాను." ఊపిరి తీసుకున్నాడు. "కార్డు కూడా అమ్మ నా సంచిలోంచి తీయలేదు. కాపీ చేసి ఇచ్చింది నేనే."

తెర మీద కాల్ ముగిసిందని వచ్చింది.

వెనింగ్‌కి కావలసిన సాక్షి దొరికాడు. ఏడాదిగా పక్కనే పడుకుని, "ఇంకా ఎంతసేపు చదువుతావు, లైటు తీసెయ్" అన్న మనిషి.

"వెనింగ్, నేను చెబుదామనే..."

"సోమవారం నాతో వస్తారా?" అంది. ఆమె అతని మొహం చూడలేదు. ఫోన్నే చూస్తోంది. "వచ్చి అక్కడ అందరి ముందు ఇదే మాట చెప్తారా?"

"వాడెందుకు?" అంది సుహర్సి ఆదరాబాదరాగా. "వాడికి ఇంకా ఇరవయ్యేళ్ళ ఉద్యోగం ఉంది. నేనొస్తాను. నాదేముంది, దిగిపోయేదాన్ని."

"మీరు చెప్తే నమ్మరు అత్తయ్యా. ఇప్పుడే విన్నారుగా."

గది మొత్తం జత్మికో వైపు తిరిగింది. ఒకరిని సూటిగా చూడటం మర్యాద కాదని అందరికీ తెలుసు. అయినా చూశారు.

అతను ట్రే దించలేదు. ఎవరికీ టీ ఇవ్వలేదు. సోమవారానికి మధ్యలో ఒక్క ఆదివారమే ఉంది.